నాలుగు నిమ్మకాయలు... నలభై గుర్రాలు

కోట్ల రూపాయల స్పోర్ట్స్ కారు లేదని రేసు ఆగలేదు. ఇంట్లో ఉన్న ఫియట్‌ను, సంతకెళ్లే మోపెడ్‌ను, మారుతి 800 ఇంజిన్‌ను పట్టుకెళ్లి పందెంలో దించినవాళ్ల కథలివి. చదువుతుంటే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది.

సూళ్లూరుపేటలో కొత్త కారు కొన్నవాళ్లు ఇంటికి వెళ్లేముందు చెంగాళమ్మ గుడి దగ్గర ఆగుతారు. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేస్తారు. అద్దానికి అడ్డంగా చేమంతి దండ కడతారు. నాలుగు టైర్ల ముందు నాలుగు నిమ్మకాయలు పెడతారు. హారతి అయ్యాక ఇంటి పెద్ద స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. పిల్లలందరూ చక్రాల దగ్గర వంగి కళ్లప్పగించి చూస్తుంటారు. క్లచ్ వదలగానే కారు ఒక్క ఉదుటున ముందుకు జరుగుతుంది. ముందు రెండూ పుటుక్కుమంటాయి. వెనకవాటిలో ఒకటి మాత్రం టైరుకు దొరక్కుండా పక్కకు దొర్లిపోతుంది. ‘నలగలేదు, నలగలేదు’ అని పిల్లల కేకలు. కారు వెనక్కొస్తుంది, నిమ్మకాయ మళ్లీ తన చోటికొస్తుంది. నాలుగూ నలిగితే తప్ప బండి రోడ్డెక్కదు.

శ్రీహరికోటలో రాకెట్ లేచే ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకునేదీ ఈ అమ్మవారికే. దేశంలో అన్నిటికన్నా వేగంగా కదిలే యంత్రానికీ, వాయిదాల మీద కొన్న చిన్న కారుకూ ఈ ఊళ్లో ఒకటే మొక్కు. ఇంకో ముచ్చటేమిటంటే, అంతటి రాకెట్టూ తన ప్రయాణాన్ని నత్తనడకతోనే మొదలుపెడుతుంది. రెండో ప్రయోగ వేదిక నుంచి వెళ్లే రాకెట్‌ను పక్కనున్న భవనంలో నిలువునా పేర్చి, పట్టాల మీద వేదిక దాకా జరుపుకుంటూ తెస్తారు. అప్పుడు దాని వేగం మనిషి నడక కన్నా తక్కువ.

నిమ్మకాయకు అమెరికాలో వేరే అర్థం ఉంది. కొన్న నాటి నుంచీ మొరాయించే కారును అక్కడ ‘లెమన్’ అని తిడతారు. మనకు దిష్టి తీసే కాయ వాళ్లకు తిట్టు అయింది. ఫ్రాన్స్‌లోని ‘లెమాన్’లో 1923 నుంచి జరుగుతున్న 24 గంటల రేసుకు ప్రపంచమంతా పేరుంది. ఈ రెండు మాటలనూ ముడిపెట్టి, కార్ల గురించి రాసే జే లామ్ అనే ఆయన 2006లో కాలిఫోర్నియాలో ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ అని ఒక పోటీ పెట్టాడు. నియమం ఒక్కటే: కారు ఖరీదు 500 డాలర్లు దాటకూడదు. బ్రేకులు, సీటు బెల్టు, లోపలి ఇనుప చట్రం లాంటి ప్రాణరక్షణ సామాను మాత్రం ఈ లెక్కలోకి రాదు. ప్రాణం దగ్గర పొదుపు వద్దన్నమాట.

ఆ పోటీ తీరే వేరు. కారు 500 డాలర్లకు మించి ఖరీదు చేస్తుందని అనుమానం వస్తే, ఎక్కువైన ప్రతి పది డాలర్లకూ ఒక ల్యాప్ చొప్పున న్యాయనిర్ణేతలు కోత పెడతారు. వాళ్లకు లంచాలివ్వడం కూడా ఆటలో భాగమే. లంచం ముట్టిందని కారు మీద అచ్చు గుద్ది మరీ పంపిస్తారు. ట్రాక్ మీద అడ్డదిడ్డంగా నడిపినవాణ్ని పిలిచి మూకాభినయం చేయించిన సందర్భాలున్నాయి. మొదట్లో గెలిచినవాళ్లకు ప్రైజు సొమ్మును అయిదు సెంట్ల చిల్లర నాణేలుగా మూటగట్టి ఇచ్చేవారు. అన్నిటికన్నా పెద్ద గౌరవం మొదట వచ్చిన కారుకు దక్కదు. ‘ఇది పది అడుగులైనా కదులుతుందా’ అని అందరూ పెదవి విరిచిన కారు, ఎవరూ ఊహించనంత దూరం పరుగెత్తితే దానికి దక్కుతుంది.

వాషింగ్టన్‌లో పోలీసు ఉద్యోగం చేసిన జెఫ్ బ్లాక్ ఈ రేసులకు పేరు తెచ్చినవాళ్లలో ఒకడు. పాత సెస్నా విమానం తెచ్చి, దాని పొట్టలో టయోటా వ్యాను చట్రం, చక్రాలు అమర్చి రేసులో దించాడు. మరోసారి షెవర్లే కమారో బాడీని తలకిందులుగా ఇంకో చిన్న కారు మీద బోర్లించాడు. ట్రాక్ పక్కన నిలబడ్డవాళ్లకు నాలుగు చక్రాలూ ఆకాశం వైపు పెట్టి వెల్లకిలా దూసుకుపోతున్న కారు కనిపించింది! ఆ బోర్లించిన బాడీ కింద అసలు చక్రాలు అసలు పని చేసుకుంటున్నాయి.

ఉన్న బండితో, ఉన్నంతలో పోటీకి దిగే ఈ సరదా అమెరికాలో పుట్టిందనుకుంటే పొరపాటు. సూళ్లూరుపేటకు దగ్గర్లోనే అంతకు అర్ధ శతాబ్దం ముందే అది రోడ్డెక్కింది.

సూళ్లూరుపేట నుంచి మద్రాసు వైపు బయల్దేరితే తడ, ఆరంబాకం, గుమ్మిడిపూండి, కవరైపేట దాటాక కారనోడై వంతెన వస్తుంది. అది దిగితే షోలవరం. మొత్తం దూరం అరవై కిలోమీటర్ల లోపే. మద్రాసుకు నీళ్లిచ్చే చెరువుల్లో ఒకటిగా ఇప్పటివాళ్లకు ఆ పేరు తెలుసు. పాతతరం మోటారు ప్రియులకు మాత్రం షోలవరం అంటే రేసే. జీఎన్‌టీ రోడ్డు మీద లారీల మధ్య నలిగిపోయే ఈ చిన్న ఊరు ఒకప్పుడు దేశంలో మోటారు పందేలకు పుట్టిల్లు లాంటిది.

దానికి కారణం రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసింది. తీరమంతా వణికిపోయింది. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు తరలిపోయారు. ఆ యుద్ధకాలపు విమాన స్థావరాల్లో షోలవరం రన్‌వే ఒకటి. యుద్ధం ముగిసింది, విమానాలు వెళ్లిపోయాయి, రన్‌వే మిగిలింది. చదునుగా, వెడల్పుగా, చెట్టూ చేమా అడ్డం లేకుండా సాగిపోయే గట్టి నేల. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌కు అంతకన్నా ఏం కావాలి? నగరానికి ఉత్తరాన గాలికి, ఎండకు వదిలేసిన ఆ రన్‌వే మీద కార్లు, మోటారు సైకిళ్లు పందేలు మొదలుపెట్టాయి. దాదాపు మూడున్నర దశాబ్దాల పాటు, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్ సొంత ట్రాక్ కట్టుకునేదాకా, షోలవరం రేసులంటే మద్రాసు ఊగిపోయేది.

ఇంగ్లండ్‌లోనూ కథ ఇదే. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి రేసు 1950 మే 13న జరిగిన సిల్వర్‌స్టోన్ కూడా ఒకప్పటి బాంబర్ విమానాల స్థావరమే. అక్కడ తొలి రేసు అధికారికంగా జరిగింది కాదు. 1947లో మారిస్ గీగన్ అనే ఆయన, కొందరు స్నేహితులు కలిసి ఎవరి అనుమతీ లేకుండా ఖాళీ స్థావరంలోకి కార్లు తోలుకెళ్లి పందెం పెట్టుకున్నారు. విమానాలు వెళ్లిపోయిన చోట గొర్రెలు మేస్తున్నాయి. వాటిలో ఒకటి గీగన్ కారుకు ఎదురొచ్చింది. గొర్రె పోయింది, కారు కూడా మళ్లీ పనికిరాకుండా పోయింది. ప్రపంచ ప్రఖ్యాత సిల్వర్‌స్టోన్ చరిత్రలో ఆ తొలి పందేనికి స్థిరపడ్డ పేరు: ‘మటన్ గ్రాండ్ ప్రి’.

షోలవరం దగ్గరికే వద్దాం. అది లైసెన్సుల కాలం. విదేశీ స్పోర్ట్స్ కారు దిగుమతి చేసుకోవడం మామూలు మనిషికి కలలో మాట. రోడ్డు మీద కనిపించేవి మూడే మూడు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. పందెంలో దిగినవీ అవే. ఫియట్ 1100 ఇంజిన్ 1089 సీసీ, దాని బలం నలభై పైచిలుకు అశ్వశక్తి. ఇవాళ కుర్రాళ్లు ఊళ్లో తిప్పే స్పోర్ట్స్ బైకుల్లో కొన్నిటికి అంత బలం ఉంటుంది. ఆ నలభై గుర్రాలు టన్నుకు దగ్గరగా బరువున్న కారును, అందులోని మనిషిని లాక్కెళ్లి పందెం కొట్టాలి.

గేరు సంగతి చెప్పుకుంటే ఇంకా సరదా. ఫియట్‌కూ అంబాసిడర్‌కూ గేరు రాడ్డు నేల మీద ఉండేది కాదు. స్టీరింగ్ పక్కన కొమ్మలా వేలాడేది. బుష్షులు అరిగితే ఆ కొమ్మ వదులై, ఏ గేరు ఎక్కడుందో పట్టుకోవడం చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టే. ఒక్కోసారి గేరు పట్టేసేది. అప్పుడు బండి ఆపి, బానెట్ ఎత్తి, లోపలి రాడ్డును చేత్తో సర్దాలి. ఫియట్ టాక్సీ నడిపిన ప్రతి డ్రైవరుకూ అనుభవమైన సంగతి ఇది. రోడ్డు మీదైతే వెనక బండి హారన్ కొట్టి ఊరుకుంటుంది. రేసులోనైతే అంతలో పది కార్లు దాటిపోతాయి.

హెరాల్డ్ మద్రాసు బిడ్డ. అక్కడి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి దాన్ని తయారుచేసింది. ఆ కారుకు బానెట్ ఒక్కటే విడిగా లేచేది కాదు. హెడ్‌లైట్లు, మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు తెరుచుకునేది. మెకానిక్ హాయిగా ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. అంత సుఖం ఇచ్చిన కారే మలుపులో మాత్రం పరీక్ష పెట్టేది. దాని వెనక ఇరుసు కట్టిన తీరు ఎలాంటిదంటే, వేగంగా తిప్పి ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి తోక తిప్పేస్తుంది. హెరాల్డ్‌ను పందెంలో నడిపేవాడు ముందుకు ఎంత చూడాలో, వెనక ఏం జరుగుతోందో నడుముతో అంత పసిగట్టాలి.

ఈ బళ్లను రేసుకు తయారుచెయ్యడం కంప్యూటర్లు లేని రోజుల్లో చేతివాటం మీద నడిచిన విద్య. హెడ్ దింపుతారు. దాని అడుగు భాగాన్ని లేత్ మెషిన్ దగ్గర కాస్త చెక్కిస్తారు. గాలీ పెట్రోలూ ఇంకా బిగువుగా నలిగితే ఇంజిన్‌కు ఊపు పెరుగుతుంది. గాలి లోపలికి వెళ్లే దారులను నున్నగా అరగదీస్తారు. ఫ్లైవీల్ బరువు తగ్గిస్తారు. సైలెన్సర్ తీసి పక్కన పెడతారు. వెనక సీటు, తివాచీ, తలుపుల లోపలి అట్టలు అన్నీ ఊడదీస్తారు. ఇంతా చేసి కార్బొరేటర్ సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకునేది ఎలా? బండిని నాలుగు చుట్లు తోలి, ఇంజిన్ టక్కున ఆపి, ప్లగ్గు విప్పి దాని కొన చూస్తారు. మసిబొగ్గులా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలక లోపల మండిపోతోందని అర్థం, కాసేపట్లో పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. బిస్కెట్ రంగులో ఉంటే బండి సిద్ధం. వేళ్లు కాలుతుంటే ఆ ప్లగ్గును గుడ్డలో పట్టుకుని, కళ్లజోడు పైకెత్తి, ఎండకు తిప్పి చూసే మేస్త్రీ మొహంలో మార్పు కోసం కారు యజమాని ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పటికీ నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో పాత బుల్లెట్ బాగుచేసే షెడ్డుకు వెళ్తే ఈ దృశ్యం కనిపిస్తుంది.

షోలవరంలో గొప్పింటి బళ్లు అసలు లేవని కాదు. గొండల్ రాజవంశీకులు, విజయ్ మాల్యా లాంటివాళ్లు విదేశాల నుంచి తెప్పించిన ఫార్ములా కార్లు అక్కడ నడిపారు. మాల్యా దగ్గర ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు ఉండేది. అవి వస్తుంటే జనం నోరెళ్లబెట్టి చూశారు. అయినా మన ఇంట్లో ఉన్న ఫియట్ లాంటి ఫియటే అవతలి ఫియట్‌ను మలుపులో దాటేస్తుంటే కలిగే ఉత్సాహం వేరు. ఆ డ్రైవరు స్థానంలో చూసేవాడు తనను తాను ఊహించుకోగలడు.

ఇక మోపెడ్ కథ. 1980లో వచ్చిన టీవీఎస్ 50 తెలుగు పల్లెల్లో చెయ్యని పని లేదు. పాల క్యాన్లు మోసింది, గడ్డిమోపులు మోసింది, గ్యాస్ సిలిండరుతో పాటు ముగ్గురు మనుషుల్ని మోసింది. ఇంజిన్ 49 సీసీ. ఎదురుగాలి గట్టిగా వీస్తే పెడల్ కూడా తొక్కాలి. ఎనభైల మొదట్లో టీవీఎస్ సంస్థ రేసు జట్టు పెట్టుకున్నప్పుడు పందెంలో దింపింది ఈ మోపెడ్లనే. తోలుసూటు, హెల్మెట్ వేసుకున్న ఆరడుగుల మనిషి మోకాళ్లు రెండూ మోచేతుల్లోకి ముడుచుకుని, గడ్డం హ్యాండిల్‌కు ఆనించి, గాలికి అడ్డం రాకుండా వంగి ఆ బుల్లి బండిని తోలుతుంటే నవ్వు రాకుండా ఉంటుందా? నవ్వినవాళ్లు ఒకటి గమనించాలి. దేశంలో ఫ్యాక్టరీ రేసు జట్లలో ఇవాళ మొదటి వరుసలో నిలిచే పేరు అక్కడి నుంచే మొదలైంది.

బండితో ఇలా కుస్తీ పట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కోయంబత్తూరు చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు నాయుడు కుటుంబాలను చూస్తే తెలుస్తుంది. 1893లో పుట్టిన జీడీ నాయుడు కుర్రతనంలో ఒక బ్రిటిష్ అధికారి మోటారు సైకిల్ మీద రావడం చూసి మతిపోగొట్టుకున్నాడు. ఊరొదిలి కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరాడు. రూపాయి రూపాయి కూడబెట్టి ఆ బండినే కొన్నాడు. కొన్నాక తోలుకుంటూ తిరిగాడా? మరలన్నీ విప్పేశాడు! ఏ ముక్క ఎందుకుందో చూసి మళ్లీ బిగించాడు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి తర్వాత పెద్ద రవాణా సంస్థనే నడిపిన మనిషి చదువు ఆ విప్పిన మోటారు సైకిల్ దగ్గరే మొదలైంది. ఆయన పేరు మీద కోయంబత్తూరులో ఉన్న కార్ల మ్యూజియం పిల్లలతో కలిసి తీరిగ్గా చూడాల్సిన చోటు.

అదే ఊళ్లో మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్.కరివర్ధన్‌కు రేసుల్లో గెలవడం ఒక్కటే సరిపోలేదు. పదిమందీ నడపగలిగే రేసు కారు కావాలన్నాడు. 1983 చివర్లో మారుతి 800 రోడ్డెక్కింది. మధ్యతరగతి ఇల్లాలు కూరగాయలకు తీసుకెళ్లిన కారు, కొత్త పెళ్లికూతుర్ని అత్తారింటికి చేర్చిన కారు. దాని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్‌ను తీసుకుని, ఒక్కడే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే రేసు కారుకు బిగించాడు కరివర్ధన్. ఎనభైల చివర్లో వచ్చిన ఆ ‘ఫార్ములా మారుతి’తో రేసు విద్య ఒక్కసారిగా నేలకు దిగొచ్చింది. స్పేర్లు వీధి చివరి దుకాణంలో దొరుకుతాయి. ఇంజిన్ విప్పగల మెకానిక్ ప్రతి ఊళ్లో ఉంటాడు. ఇటలీ నుంచి స్పోర్ట్స్ కారు దిగుమతి చేసుకున్న శ్రీమంతులు దేశానికి ఎంతమంది రేసర్లను ఇచ్చారో లెక్క తియ్యనక్కర్లేదు. ఫార్ములా మారుతి ఇచ్చినవాళ్లు మాత్రం కళ్లముందున్నారు. 1995లో చిన్న విమానం కూలి కరివర్ధన్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 41. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన ‘కరి మోటార్ స్పీడ్‌వే’ ఆయన పేరు మోస్తోంది.

ఫార్ములా మారుతిలో తొలి రేసు నడిపిన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. భారతీయుల్లో ఆయనే మొదటివాడు. ఆ ఏడాది జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన రేసు, ఫార్ములా వన్ చరిత్రలో ఇంతవరకూ మళ్లీ జరగని విడ్డూరం. మిషెలిన్ టైర్లు అక్కడి ఏటవాలు మలుపు ఒత్తిడిని తట్టుకోలేవని తేలింది. శుక్రవారం ప్రాక్టీసులో టైరు పేలి ఒక కారు గోడకు గుద్దుకుంది. ఆదివారం ఇరవై కార్లూ సన్నాహక చుట్టు వేశాయి. లక్షమందికి పైగా జనం లేచి నిలబడ్డారు. చుట్టు పూర్తికాగానే మిషెలిన్ టైర్లున్న 14 కార్లు వరుసగా గ్యారేజీల్లోకి తిరిగిపోయాయి! స్టార్ట్ గీత దగ్గర మిగిలినవి ఆరు: రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు. పెళ్లికొచ్చిన చుట్టాలంతా భోజనాలకు ముందే వెళ్లిపోతే మిగిలిన పందిరిలా ఉంది ట్రాక్.

జనం అరిచారు, ట్రాక్ మీదికి సీసాలు విసిరారు. ఆ ఆరు కార్లు మాత్రం రేసు పూర్తిచేశాయి. ఫెరారీ డ్రైవర్లు షుమాకర్ మొదట, బారికెల్లో రెండు, జోర్డాన్ జట్టులో నారాయణ్ సహచరుడు టియాగో మాంటీరో మూడు, నారాయణ్ నాలుగు. ఫెరారీ వాళ్లు మొహాలు వేలాడేసుకుని పోడియం దిగి వెళ్లిపోతే, మాంటీరో ఒక్కడే సంతోషం పట్టలేక పండగ చేసుకున్నాడు. ఆ రోజు నారాయణ్‌కు దక్కిన అయిదు పాయింట్లే ఇవాళ్టికీ ఫార్ములా వన్‌లో ఒక భారతీయ డ్రైవరు సాధించిన పాయింట్లన్నీ. ఆరుగురిలో నాలుగోవాడని తీసిపారేసేవాళ్లున్నారు. ఎగతాళి చేసేముందు ఒకటి ఆలోచించాలి. అరుస్తున్న జనం మధ్య, సీసాలు పడుతున్న ట్రాక్ మీద, గంటన్నర సేపు ఒక్క తప్పూ చెయ్యకుండా కారును చివరిదాకా తేవడం చిన్న సంగతి కాదు. రేసులో పాయింట్లు గీత దాటినవాడికే.

వచ్చి నిలబడ్డవాడికే విలువని చెప్పే పాత కథ ఇంకోటుంది. 1907లో ఒక ఫ్రెంచి పత్రిక సవాలు విసిరితే పెకింగ్ నుంచి పారిస్‌కు అయిదు బళ్లు పందెం కట్టాయి. రోడ్లు లేవు, పెట్రోలు బంకులు లేవు. పెట్రోలును ముందుగానే ఒంటెల మీద పంపించారు. ఇటలీకి చెందిన ప్రిన్స్ షిపియోనే బోర్గేజే కారు దారిలో వంతెన విరిగి కిందపడింది. చక్రం విరిగితే రష్యా పల్లెలో బండ్లు చేసే వడ్రంగి గొడ్డలితో చెక్కి బాగుచేశాడు. చివరికి గెలిచింది ఆ కారే. అసలు కథానాయకుడు మాత్రం శార్ల్ గొడార్. చేతిలో చిల్లిగవ్వ లేదు. స్పైకర్ కంపెనీ దగ్గర కారు అడిగి తెచ్చుకున్నాడు. దాంతోపాటు ఇచ్చిన స్పేరు పార్టులు అమ్మి ఓడ టికెట్టు కొన్నాడు. గోబీ ఎడారిలో పెట్రోలు అయిపోయి ఆకలితో, దాహంతో అల్లాడాడు. అక్కడా ఇక్కడా అప్పులు చేసి, మాటలతో బురిడీ కొట్టించి యూరప్ దాకా వచ్చాడు. పారిస్ ఇంకాస్త దూరం ఉందనగా జర్మనీలో మోసం కేసు కింద పోలీసులు పట్టుకెళ్లారు. కారు మాత్రం పారిస్ చేరింది.

మళ్లీ మన ప్రాంతానికి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. విద్యుత్ కార్ల ఈ ప్రపంచ పోటీ దేశంలో జరగడం అదే మొదటిసారి. సచివాలయం, లుంబిని పార్కు, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ 2.8 కిలోమీటర్ల ట్రాక్. ముందురోజు ప్రాక్టీసు మొదలవ్వాల్సిన సమయానికి ట్రాక్ మీద కార్లు, బైకులు తిరుగుతున్నాయి. అవి రేసు బళ్లు కావు, ఇంటికెళ్తున్న నగరవాసులవి! రోజూ తిరిగే దారి కదా, సందు కనిపించగానే లోపలికొచ్చేశారు. వాళ్లను బయటికి పంపి ప్రాక్టీసు మొదలుపెట్టేసరికి ఆలస్యమైంది. ఆ కాసేపు వాళ్లు ప్రపంచ చాంపియన్‌షిప్ ట్రాక్ మీద సొంత బండి నడిపారు. అంతటి అదృష్టం రేసు టికెట్టు కొన్నవాళ్లకూ దక్కలేదు.

అసలు రేసులో జాగ్వార్ జట్టు కారు మలుపులో వెళ్లి గుద్దుకున్నది ఎవరినో కాదు, సొంత జట్టు కారునే. రెండూ అక్కడితో సరి. జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీ దాదాపు అడుగంటుతుండగా గీత దాటి గెలిచాడు. ఊళ్లో విద్యుత్ స్కూటర్ నడిపేవాళ్లందరికీ ఆ ఆందోళన కొత్తది కాదు. తరువాతి ఏడాదికి అనుకున్న రేసు రద్దయింది. హైదరాబాద్ పేరుతో రేసు జట్టు మాత్రం ఉంది. సినీనటుడు నాగచైతన్య యజమానిగా ఉన్న ‘హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్’ ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ఆడుతోంది.

సూళ్లూరుపేట చుట్టూ కూడా కాలం మారింది. తడ దాటి శ్రీసిటీలోకి వెళ్తే ఇసుజు వాహనాల కర్మాగారం ఉంది. సత్యవేడు దగ్గర మాదనపాళెంలో హీరో బైకులు, వరదయ్యపాళెం మండలం చినపాండూరులో అపోలో టైర్లు తయారవుతున్నాయి. తండ్రులు పులికాట్‌లో వల వేసిన ఇళ్ల పిల్లలు ఇవాళ ఇంజిన్ బిగించే లైనులో నిలబడుతున్నారు. బండి ఎలా పుడుతుందో తెలిసిన చేతులు ఈ ప్రాంతంలో వేలల్లో ఉన్నాయి. వాళ్లలో కొందరికి ట్రాక్ మీద తోలే సరదా ఉంటే, దాన్ని తీర్చుకోవాల్సింది పదహారో నంబరు జాతీయ రహదారి మీద కాదు. షోలవరం పెద్దలు తెలిసే ఖాళీ రన్‌వే వెతుక్కున్నారు. ఎదురొచ్చే లారీ, రోడ్డు దాటే ముసలమ్మ లేని చోటు కావాలని.

దారి లేదా అంటే ఉంది. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు సొంతంగా రేసు కారు గీసి, వెల్డింగ్ చేసి, నడిపే ‘ఫార్ములా భారత్’ పోటీ కోయంబత్తూరు కరి ట్రాక్ మీద జరుగుతుంది. అక్కడ కారు పరుగు పెట్టేముందు దాటాల్సిన పరీక్షలు చూస్తే ముచ్చటేస్తుంది. కారును ఒక బల్ల మీద ఎక్కించి, డ్రైవరు లోపల ఉండగానే, 60 డిగ్రీలు పక్కకు వంచుతారు. చుక్క ఆయిలు కారకూడదు, చక్రం బల్లను వదలకూడదు. విద్యుత్ కారైతే దాని మీద రెండు నిమిషాల పాటు వాన కురిపిస్తారు. ఇంకో పరీక్షలో డ్రైవరు హెల్మెట్, చేతి తొడుగులు, సీటు బెల్టులన్నీ బిగించుకుని సిద్ధంగా కూర్చోవాలి. విజిల్ వెయ్యగానే అయిదు సెకన్లలో కారులోంచి బయటపడాలి. నెలల తరబడి తానే కట్టుకున్న ఇరుకు చట్రంలోంచి ఒక కుర్రాడు మోకాలు ఇరుక్కుని, మోచెయ్యి కొట్టుకుని, ఆరో సెకనులో నేల మీద పడితే జట్టంతా ఒక్కసారి ‘అయ్యో’ అంటుంది. మళ్లీ ఎక్కుతాడు, బెల్టులు బిగిస్తారు, విజిల్ పడుతుంది.

ఆఖరిది బ్రేకు పరీక్ష. కారును వేగంగా తోలి పెడల్ గట్టిగా తొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకుని జారాలి. పరీక్షించేవాళ్లు నేల మీద వంగి నల్లటి చారలు లెక్కపెడతారు. మూడే పడ్డాయి. జట్టు కారును పక్కకు నెట్టుకెళ్లి, ముందు చక్రం విప్పి, బ్రేకు గొట్టంలో చిక్కుకున్న గాలిని తీస్తుంది. ఒకడు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకడు చిన్న స్క్రూ వదులు చేస్తాడు, బుడగలతో నూనె బయటికి చిమ్ముతుంది. ‘ఇంకోసారి, ఇంకోసారి’ అంటున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. కారు మళ్లీ వరుసలోకి వచ్చింది. చక్రాల దగ్గర వంగి చూస్తున్న కళ్లు నాలుగో చార కోసం ఎదురుచూస్తున్నాయి.